అవసరం లేదన్న పైపు

తమిళనాడులోని గుడియాత్తం నుంచి తిరిగి వచ్చాక కదిరిలో నన్ను చూసినవాళ్ళందరూ మణికట్టుకు ఆ కట్టు ఎందుకని అడిగారు. వేలూరు కోట ఎలా ఉందనో, పాలారులో నీళ్ళున్నాయా అనో ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళ కోసం కూడా ఇది రాస్తున్నాను. ముఖ్యంగా, పాత లారీకి పవర్ స్టీరింగ్ పెట్టుకుని పలమనేరు ఘాట్ మీదికి పోదామనుకునేవాళ్ళ కోసం. నేను పోకముందు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

నా లారీ పాతది. మొదటి యజమాని దాని స్టీరింగును భుజాల బలంతోనే తిప్పుకున్నాడు. రెండో యజమాని ఎక్కడో గుద్దుకుని పాడైన కొత్త రకం లారీ నుంచి పవర్ స్టీరింగ్ విప్పించి తెచ్చి దీనికి బిగించాడు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఒక పంపు నూనెను తోస్తుంది, ఆ నూనె బలంతో చక్రాలు తిరుగుతాయి. వేలితో తిప్పవచ్చు. అది చూసే నేను లారీ కొన్నాను. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. మా వీధికి రంగుల టీవీలు వచ్చాయి, బజారుకు ఎస్టీడీ బూతులు వచ్చాయి, నాకు ఈ స్టీరింగ్ వచ్చింది. మా బావమరిది దాన్ని చూసి పదిమందిలో, "ముసలోనికి పండ్లసెట్టు పెట్టినట్టుండాది బావా! నమిలేటప్పుడు ఊడొస్తాది, జాగ్రత్త" అన్నాడు. ఆ పదిమందిలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లు చెప్పగలను.

ఘాట్ దిగుడు

మదనపల్లెలో టమోటా ఎత్తుకుని వేలూరు మార్కెట్టుకు బయలుదేరాము. డ్రైవర్ ఖాదర్ మా ఊరివాడే, నెమ్మదస్తుడు. క్లీనర్ ముందురోజే చెప్పాపెట్టకుండా మానేశాడు కాబట్టి అతని సీట్లో నేను కూర్చున్నాను. పలమనేరు దాటాక రోడ్డు అడవిలోకి దిగుతుంది. ఒక పక్క కొండ. ఇంకో పక్క చెట్ల కొసలు మాత్రమే కనిపిస్తాయి, మొదళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలియదు. కాసేపు వెతికి, వెతకడం మానేశాను.

మొదటి పెద్ద మలుపులో బానెట్ కింద నుంచి మూలుగు వినిపించింది, ఈనబోయే బర్రె మూలిగినట్టు.

"ఏం శబ్దం ఖాదరూ?"

"పవరు పోతా వస్తా ఉండాదన్నా. ఒకసారి దూది మాదిరి తిరుగుతాది, ఇంకోసారి రాయి మాదిరి బిగుసుకుంటాది."

"ఆపుదామా?"

"యాడ ఆపేది? ఎనకాల బస్సుండాది."

ఆ బస్సు మా వెనకే హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ప్రతి మలుపులోనూ ఖాదర్ సీట్లోంచి సగం లేచి స్టీరింగ్ మీద పడేవాడు. లారీ ముక్కు లోయ వైపు చూసి, చూసి, చివరి క్షణంలో రోడ్డు వైపు తిరిగేది. నా కాలు నాకు తెలియకుండానే ముందున్న రేకును తొక్కుతోంది. "అన్నా, ఆ పక్క బ్రేకు లేదు" అన్నాడు ఖాదర్. భయంలో ఉన్న మనిషితో అనవలసిన మాట కాదది.

కాస్త వెడల్పు దొరకగానే బస్సు మమ్మల్ని దాటింది. దాటుతూ దాని డ్రైవర్ నా ముఖం చూసి పళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఆ బస్సు అద్దం మీద పసుపు బొట్టు ఉంది, కుడిపక్క దీపం పగిలి ఉంది. నేను మర్చిపోలేదు.

గుడియాత్తం

గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు, లుంగీల ఊరు. పొద్దున్నే ఏ సందులోకి పోయినా మగ్గం చప్పుడో గంధకం వాసనో ఎదురవుతుంది. మన సంగటినే అక్కడ కళి అంటారు, తునక తుంచుకుని కూరాకు పులుసులో అద్దుకుని తింటారు. మనకంటే మెత్తగా కలుపుతారు. నాకు మనదే నచ్చింది.

ఊరి మొదట్లోనే మెకానిక్ మునస్వామి షెడ్డు. ఎన్నో తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. తెలుగు గడగడా మాట్లాడతారు, అక్షరం చదవలేరు. మాట మధ్యలో అరవంలోకి దూకి మళ్ళీ వస్తారు. నా లారీ నుదుటి మీద రాసినదాన్ని చూసి అతను, "ఏం రాసిండారప్పా దీని మీద? చదివి చెప్పు" అన్నాడు.

"నిదానమే ప్రధానం అని" అన్నాను.

"నల్ల మాట!" అని అరవం కలిపి మెచ్చుకుని బానెట్ ఎత్తాడు.

అతని భార్య రాజమ్మ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. భయానికి నాలుక పిడచకట్టి ఉంది, చెంబును నోటికి కరిపించి తాగేశాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఎత్తి తాగాలప్పా" అని చెంబు తీసుకుపోయి చింతపండు పెట్టి తోమింది. నా ఎదురుగానే తోమింది. మా ఇంట్లో అతిథి ఎలా తాగినా చెంబు లోపలికి పోయాకే కడుగుతారు.

మునస్వామి స్టీరింగ్ నూనె డబ్బా మూత తీసి వేలు ముంచి నాకు చూపించాడు. వేలు నల్లగా, నురగగా ఉంది.

"ఎవురో దీంట్లో ఇంజనాయిలు కలిపినారు నాయనా. దీనికి పోయాల్సింది ఎర్రాయిలు. నురగ చూసినావా? గాలి దూరిండాది. గాలిని తోస్తే చక్రం తిరుగుతాదా? అందుకే మూలిగేది. కింద స్టీరింగు పెట్టెలో సీలు కూడా కారతా ఉండాది."

"ఇప్పుడే బాగుచేస్తావా?"

"పెట్టె విప్పితే ఒక దినం పడతాది, నీ టమోటా రసమైపోతాది. ఆయిలు పోసి ఇస్తా, వేలూరు దాకా సమంగా ఉండే రోడ్డే, నెమ్మదిగా పో. దించినాక సీలు సెట్టు, ఫిల్టరు, ఎర్రాయిలు కొనుక్కుని నా దగ్గిరికి రా."

నేను మూర్ఖుణ్ణి కాను. పంపు నుంచి కింది పెట్టెకు పోయే రబ్బరు పైపు మీద పాము కుబుసంలా పగుళ్ళు ఉన్నాయి. నూనె ఒత్తిడంతా మోసేది అదే. వేలితో చూపించి అడిగాను.

"ఈ పైపో?"

"అదా? ముసిల్దైపోయిండాది."

"మార్చల్లా?"

మునస్వామి దాన్ని ఒకసారి నొక్కి చూసి చేతులు తుడుచుకున్నాడు. "అవసరం లేదప్పా" అన్నాడు.

ఈ మాట ఖాదర్ కూడా విన్నాడు. ఎక్కడైనా సాక్ష్యం చెబుతాడు.

రాయవేలూరు

మన పెద్దవాళ్ళు రాయవేలూరు అనే ఊరు ఇదే. కోట నిజంగా పెద్దది. చుట్టూ అగడ్త, ఆ నీళ్ళలో గోడ నీడ. పాలారు మాత్రం ఇసుకే. మార్కెట్లో ముళ్ళున్న వంకాయ చూశాను, కోసేటప్పుడు వేళ్ళకు గుచ్చుకుంటుంది కానీ కూర వెన్నలా ఉంటుంది. టమోటా ధర మదనపల్లెలో చెప్పినదానికంటే తక్కువ పలికింది. ఆ సంగతి చెప్పినవాడితో వేరే తేల్చుకుంటాను. మధ్యాహ్నం తిన్న హోటల్లో రసం మూడోసారి అడిగితే వడ్డించేవాడు గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. కావలసినంత పోసుకోమని మర్యాదో, తిండిపోతువని హేళనో నాకు ఇంకా తేలలేదు.

స్పేర్ పార్టుల దుకాణం మార్కెట్ వెనక వీధిలో ఉంది. దుకాణదారు బట్టతల మనిషి, అరవం తప్ప మాట్లాడడు. సీలు సెట్టు, ఫిల్టరు, ఎర్ర నూనె అడిగాను. చెప్పగానే లారీ రకం అడిగి, లోపలి నుంచి ఒక కొత్త పైపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతోంది. ఇది కూడా కావాలా అన్నట్టు తల ఊపాడు. సరుకు అంటగట్టే ఎత్తు అని నాకు వెంటనే అర్థమైంది.

"అవసరం లేదు" అన్నాను గట్టిగా.

"అవసరం ఇల్లయా? సరి, ఉక్కారుంగ" అని స్టూలు చూపించి, నా వెనక వచ్చినవాళ్ళకు సరుకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఉక్కారుంగ అంటే కూర్చోండి. కూర్చున్నాను. నా తరువాత వచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు. ఒకడు నా కళ్ళముందే బేరింగు కొని, టీ తాగి, మళ్ళీ వచ్చి మార్చుకుపోయాడు. పైపు కొననన్నందుకు నన్ను ఇలా శిక్షిస్తున్నాడని ఖాదర్‌తో అన్నాను. చివరికి లేచి అరిస్తేగాని సీలు సెట్టు చేతికి రాలేదు.

బాగుచేత

మళ్ళీ గుడియాత్తం. మునస్వామి పెట్టె విప్పి, పాత సీళ్ళు తీసి, డీజిలుతో కడిగి కొత్తవి వేశాడు. ఫిల్టరు మార్చాడు. ముందు ఇరుసుకు జాకీ పెట్టి చక్రాలు నేలకు అందకుండా ఎత్తి, ఇంజన్ ఆడిస్తూ ఖాదర్‌ను స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమన్నాడు. డబ్బాలో బుడగలు లేచి పగిలాయి. బుడగలు ఆగేవరకు తిప్పాలట. కొసదాకా తిప్పి అక్కడే పట్టుకోకూడదట, పంపు వేడెక్కి చస్తుందట. నూనె ఎరుపు పోయి నల్లబడితే మార్చాలి, నురగ వస్తే గాలి, మూలిగితే ఆపాలి. ఇవన్నీ అతను చెప్పినవే. మంచిని మంచి అంటాను.

సరుకుల సంచిలోకి తొంగిచూసి, "పైపు తేలేదా?" అన్నాడు.

"అవసరం లేదన్నావు గదా?"

"ఆ, ఆ. అవసరం లేదు" అన్నాడు తృప్తిగా.

నేనూ తృప్తిపడ్డాను. ఊళ్ళో చుట్టూ తిప్పి చూస్తే స్టీరింగ్ వేలికి తిరిగింది. బావమరిదిని పిలిచి చూపించాలనిపించింది.

ఘాట్ ఎక్కుడు

మరునాడు కదిరికి అగ్గిపెట్టెల కట్టలు ఎత్తుకున్నాము. ఫ్యాక్టరీ మేస్త్రి ఖాదర్ జేబులో బీడీకట్ట చూసి లాగేసుకున్నాడు. బండిలో ఆ కట్టలున్నంతసేపూ నేను గట్టిగా తుమ్మడానికి కూడా జంకాను. అయినా కొండ మొదలయ్యేదాకా ధైర్యంగానే ఉన్నాను. రాగి తీగలా స్టీరింగ్ ఎలా వంచితే అలా వంగుతోంది.

సగం కొండ ఎక్కాక ఒక మలుపు. ఎడమ చేతి వైపు లోయ, బండి కుడికి తిరగాలి. ఖాదర్ తిప్పడం మొదలుపెట్టగానే తడిగుడ్డను బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడైంది. బానెట్ అంచుల నుంచి తెల్లటి పొగ క్యాబిన్‌లోకి వచ్చింది. కాలిన నూనె వాసన.

"అన్నా! తిరగడంల్యా! పట్టు!"

ఇద్దరం స్టీరింగ్ మీద పడ్డాము. అది స్టీరింగ్‌లా లేదు, భూమిలో పాతిన తిరగలిలా ఉంది. ముందు అద్దంలో రోడ్డు కనిపించడం మానేసింది, చెట్ల కొసలు కనిపించాయి. నేను నా భార్యను తలచుకోలేదు, దేవుణ్ణీ తలచుకోలేదు. అవసరం లేదప్పా అన్న ఆ గొంతే నా చెవిలో వినిపించింది. ఎడమ చక్రం అంచు రాయిని తాకినప్పుడు ఖాదర్ బ్రేకు తొక్కి ఇంజన్ ఆపాడు. లారీ ఆగి, అడుగు వెనక్కి జారింది. చెక్క దిమ్మ పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెట్టాను. మణికట్టు మెలితిరిగింది అక్కడే.

పైపు పగిలి, వేడి నూనె సైలెన్సర్ గొట్టం మీద పడి పొగలు కక్కుతోంది. దాని వెనక నాలుగడుగుల దూరంలో బండెడు అగ్గిపెట్టెలు. చేతులతో, దోసిళ్ళతో మట్టి తవ్వి కొట్టాము. అంతలో పై నుంచి ఒక బస్సు దిగి వచ్చి ఆగింది. డ్రైవర్ నోట్లో బీడీ పెట్టుకుని దిగబోయాడు.

"బీడీ ఆర్పు! అగ్గిపెట్టెలు!" అని ఖాదర్ గొంతు చించుకున్నాడు.

అతను బీడీని అక్కడే నలిపి, బస్సులోని నీళ్ళ డబ్బా మోసుకొచ్చి పోశాడు. పొగ తగ్గింది. అప్పుడు చూశాను, అద్దం మీద పసుపు బొట్టు, కుడిపక్క పగిలిన దీపం. నన్ను గుడియాత్తం దాకా ఎక్కించుకున్నాడు, టికెట్ తీసుకోలేదు. అయినా ఆ నవ్వును నేను మాఫీ చేయలేదు.

ఖాదర్ బండి దగ్గరే ఉండిపోయాడు. "త్వరగా రా అన్నా. ఈ అడివిలో ఏనుగులు తిరుగుతాయంట" అన్నాడు. అతని ముఖంలో ఆ దిగులు చూశాక నాకు మునస్వామి మీద కోపం రెట్టింపైంది.

ఒక మాట మీద పంచాయితీ

షెడ్డులో నలుగురు మనుషులుండగానే అరిచాను. "ఏమప్పా, నన్ను చంపాలనుకున్నావా? ఆ పైపు మార్చల్లా అంటే అవసరం లేదన్నావా లేదా?"

"అన్నానప్పా" అన్నాడు మునస్వామి, అర్థంకాక.

"అది పగిలింది. ఘాట్‌లో. అగ్గిపెట్టెల లోడుతో!"

అతని ముఖం తెల్లబోయింది. "లోడుతో గాట్ ఎక్కినావా? అయ్యయ్యో! అవసరం లేదనే గదా చెప్పినా?"

"అదే నేనూ అడుగుతాండేది! అవసరం లేదన్నావు, అది పగిలింది!"

"పగలదా మరి? ముసిల్దైపోయిందని కూడా చెప్పినా గదప్పా! మార్చాల్సిందే, కానీ అవసరం లేదు, మళ్ళీ వేలూరు పోయినప్పుడు తెచ్చుకో అని. నువ్వు ఖాళీ బండితో ఇంటికి పోతావనుకుంటి!"

ఇద్దరమూ ఒకే మాట పట్టుకుని ఒకరి మీద ఒకరు విసురుకున్నాము. లోపలి నుంచి రాజమ్మ చేట పట్టుకునే వచ్చి కాసేపు విన్నది.

"మీ ఊర్లో అవసరం అంటే ఏందప్పా?" అంది నాతో.

"అవసరమంటే ఏందేంది? కావాల్సింది. అది లేకపోతే జరగదనేది."

"దాన్ని మేము తేవ అంటాం. అవసరం అంటే మాకు తొందర. బస్సుకు పరిగెత్తేవాణ్ణి చూసి అవసరంగా పోతా ఉండాడంటాం." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు తొందర లేదన్నావు. ఈయన అక్కర లేదనుకున్నాడు. ఇంతే కత!"

షెడ్డులో ఒకడు పకపకా నవ్వాడు. మునస్వామి నవ్వలేదు. ఆ పగిలిన పైపు అతని చేతుల మీదుగా పోయింది మరి. నాకు మాత్రం ఉన్నట్టుండి వేలూరు దుకాణంలోని స్టూలు గుర్తొచ్చింది. తొందర లేదని నేనే చెప్పి కూర్చున్నానన్నమాట. అయినా చూడగానే తెలియదా, మనిషికి తొందర ఉందో లేదో?

"మాట తెలియకపోతే తెలియదని అడగాల" అన్నాను మునస్వామితో.

"తెలియదని తెలిస్తే గదా నాయనా అడిగేది?" అన్నాడు. చేతులు కడిగి చొక్కా వేసుకున్నాడు. "రా, వేలూరు బస్సుకు పోదాం. నీ డ్రైవరు ఒక్కడే ఉండాడు అడివిలో. ఇప్పుడు అవసరం."

ఆ ఒక్కసారి ఆ మాట మా ఇద్దరికీ ఒకేలా వినిపించింది.

బట్టతల దుకాణదారు నన్ను చూడగానే నేను నోరు తెరవకముందే ఆ పైపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈసారి ఉక్కారుంగ అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

కొండ మీద

ఆ సాయంత్రం పైకి పోయే బండి దొరకలేదు. తెల్లవారేవరకు మునస్వామి వరండాలో పడుకుని ఏనుగుల గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. పొద్దున మొదటి బస్సులో వెళ్ళేసరికి ఖాదర్ బానెట్ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. అడవిలో కొమ్మ విరిగిన ప్రతిసారీ అగ్గిపెట్టెల మీదికి ఎక్కానని చెప్పాడు. ఏనుగు కనిపించలేదు. కనిపించకపోవడం ఇంకా భయమట.

మునస్వామి పైపు బిగించి, రాళ్ళు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి, బుడగలు ఆగేవరకు తిప్పించాడు. సామాన్లు సర్దుకుంటుంటే, "నువ్వూ ఎక్కు. పైదాకా" అన్నాను.

అతను లోయ వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు గాట్ అంటే భయమప్పా. నేను కిందనే బాగుచేసేవాణ్ణి."

"నువ్వు చేసిన పని మీద నీకు భయమైతే నాకెట్లుండల్లా?"

ఎక్కాడు. మా ఇద్దరి మధ్య, ఇంజన్ మూత మీద కూర్చున్నాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ ఎదుటి కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, చెవి మాత్రం పంపు వైపు పెట్టాడు. నేను కొత్త పైపు ఉన్న దిక్కుకే చూస్తూ కూర్చున్నాను, రేకులోంచి కనిపిస్తున్నట్టు. మూలుగు రాలేదు. ఒక్కో మలుపూ వెనక్కి పోతుంటే నాకు ధైర్యం రాలేదు, ఇంకా ఎన్ని ఉన్నాయో అనే దిగులే పెరిగింది.

కొండ పైన, చదునుగా రోడ్డు కనిపించిన చోట అతను దిగాడు. కిందికి పోయే బస్సు కోసం రోడ్డు దాటి నిలబడ్డాడు. ఒక క్షమాపణ మాట చెబుతాడని ఎదురుచూశాను, చెప్పవలసిన బాధ్యత అతనిదే. అతను లారీ నుదుటి మీది అక్షరాలను, చదవలేని ఆ అక్షరాలనే, వేలితో చూపించి, చెయ్యి ఊపి గట్టిగా అన్నాడు:

"అవసరం లేకుండా పో నాయనా!"

మా ఊళ్ళో ఆ మాట అన్నవాడి చొక్కా పట్టుకుంటారు. నా చెయ్యి తలుపు గొళ్ళెం మీదికి పోయింది కూడా.

"ఖాదరూ, నెమ్మదిగా పోనీ" అన్నాను.